తల పైకెత్తిన ఆదివారం

కో షుయిమూ చాప్‌స్టిక్స్‌తో పట్టుకున్న చేప ఉండ జారి సూపు గిన్నెలో పడింది. మళ్లీ పట్టాడు. మళ్లీ పడింది. మూడోసారి పడ్డప్పుడు సూపు చింది, ఎదురుగా కూర్చున్న భార్య నీలం చొక్కా తడిసింది.

ఫాంగ్‌మేయ్ చొక్కా తుడుచుకోలేదు. తన గిన్నె పక్కకి జరిపింది.

"కుడిచెయ్యి ఇటియ్యి. కళ్లు మూసుకో. ఇప్పుడు నేను ఏ వేలు గిల్లుతున్నాను?"

షుయిమూ కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించాడు. "ఉంగరం వేలు" అన్నాడు ధీమాగా.

"కళ్లు తెరువు."

తెరిచాడు. ఆమె రెండు చేతులూ ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

ఇంకా తగ్గలేదన్న సంగతి దాచి లాభం లేదు. రెండు నెలలుగా కుడిచేతి చివరి రెండు వేళ్లూ మొద్దుబారిపోయి, ఉన్నాయంటే ఉన్నాయన్నట్టుగా వేలాడుతున్నాయి. మొదట్లో ఫాంగ్‌మేయ్ పక్షవాతం అనుకుని హడలిపోయింది. గుడికి పరిగెత్తి మాజూ అమ్మవారి దగ్గర మొక్కుకుని, అగరు బూడిద నింపిన ఎర్ర తాయెత్తు సంచి తెచ్చింది. ఆ వెంటనే మొగుణ్ణి ఆసుపత్రికి ఈడ్చుకెళ్లింది. డాక్టరు తలంతా ఫొటోలు తీయించి, లోపల అంతా భేషుగ్గా ఉందని తేల్చాడు. తర్వాత అరచేతి మొదట్లో బొటనవేలితో నొక్కి, "సైకిలు తొక్కుతారా?" అని అడిగాడు. తొక్కుతానని షుయిమూ ఛాతీ విరిచాడు. అలా అయితే ఒంటి బరువంతా ఈ నరం మీద పడుతోంది, హ్యాండిల్ పైకెత్తించుకోండి, లేదా తొక్కడం మానేయండి అన్నాడు డాక్టరు.

ఆ మాటలన్నీ ఫాంగ్‌మేయ్ పక్కనే కూర్చుని విన్నది. షుయిమూ ఇంటికి రాగానే మర్చిపోయాడు. ఆమె మర్చిపోలేదు.

"ఎత్తించావా హ్యాండిల్?"

"చూద్దాంలే. టైముండాలిగా."

"రిటైరైన మనిషికి టైం లేదట!" ఫాంగ్‌మేయ్ గరిటె బల్ల మీద పెట్టింది. "విను ముసలాయనా. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఇదే సూపు చేస్తాను. నీ గిన్నెలోంచి చేప ఉండ తీసి నా గిన్నెలో వెయ్యి. వేశావా, సైకిలు నీది. జారిందా, సాయంత్రానికల్లా చాంగ్‌హువా నుంచి మా మేనల్లుడు వ్యాన్ వేసుకొచ్చి పట్టుకుపోతాడు. వాడితో మాట్లాడేశాను కూడా."

"నా సైకిలు ఇచ్చేయడానికి నువ్వెవరే?"

"నీ వేళ్లు పడిపోతే నీకు అన్నం తినిపించేదాన్ని!"

ఆమె గిన్నెలు తీస్తూ, అతనికి చెబుతున్నట్టు కాకుండా గోడకి చెబుతున్నట్టు అన్నది.

"ఆ సైకిలెక్కితే చాలు, నీకు లోకం కనబడదు. ఆదివారం పొద్దున నేనెక్కడుంటానో ఎప్పుడైనా చూశావా?"

"మార్కెట్లో ఉంటావు. ఇంకెక్కడుంటావు?"

"ఆఁ. మార్కెట్లోనే ఉంటాను" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

హ్యాండిల్ నాలుగు వేళ్లు పైకెత్తడం ఎంతసేపు పని? మనలాంటివాళ్లకి అరగంట. షుయిమూకి అది పరువు సమస్య. ఆ పరువుకి అతను సొంత చేతులతో నాలుగు వైపులా గోడలు కట్టుకున్నాడు.

దాజియా ఊరి పక్కనున్న ఓ సైకిలు విడిభాగాల ఫ్యాక్టరీలో అతను ముప్పై ఏళ్ల పైన పనిచేశాడు. హ్యాండిల్‌ని తెచ్చి ముందు చక్రం తాలూకు నిలువు గొట్టానికి కరిపించే ముక్క ఉంటుంది చూశారూ, దాన్ని అక్కడివాళ్లు డ్రాగన్ తల అంటారు. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేవన్నీ డ్రాగన్ తలలే. వాటి మీద కంపెనీ పేరు అచ్చేసే బల్ల షుయిమూది. మెత్తటి రబ్బరు దిండు రంగులో అద్దుకుని దిగుతుంది, పేరు పడుతుంది. అక్షరం వంకర పోయినా, తలకిందులుగా పడినా ఆ ముక్క ఎర్ర డబ్బాలోకి పోవాల్సిందే. షుయిమూ ఆ డబ్బాలోకి విసిరినవి కుప్పపోస్తే చిన్నపాటి గుట్ట అవుతుంది. ఇంట్లో సోయా సాస్ సీసా మీద లేబుల్ వెనక్కి తిరిగి ఉన్నా తిప్పి పెడితే గాని అన్నం తినడు. ఫాంగ్‌మేయ్ అతన్ని ఉడికించాలనుకున్నప్పుడల్లా సీసాలన్నీ వెనక్కి తిప్పి పెట్టేది.

రిటైరైన రోజున అతను చివరగా అచ్చేసిన డ్రాగన్ తలని తోటివాళ్లు ఎర్ర కాయితంలో చుట్టి కానుకగా ఇచ్చారు. దానికోసమే అన్నట్టు షుయిమూ రోడ్డు సైకిలు కొన్నాడు. రేసుల్లో కుర్రాళ్లలాగా ఆ తలని కిందికి వంచి, గొట్టం మీద ఎంత కిందకి పోతే అంత కిందకి దించి బిగించాడు. పైన మిగిలిన గొట్టాన్ని రంపంతో కోయించి పారేశాడు. సాధారణంగా ఆ గొట్టం మీద నాలుగు రింగులు ఉంచుకుంటారు, రేపు నడుం పట్టేస్తే రింగులు కిందికి మార్చి హ్యాండిల్ పైకి లేపుకోవచ్చని. షుయిమూ అలాంటి పిరికి ఏర్పాట్లేమీ ఉంచుకోలేదు. ఇప్పుడు ఆ హ్యాండిల్ పైకి రావాలంటే ఒక్కటే దారి, డ్రాగన్ తలని ఊడదీసి బోర్లా తిప్పడం. తిప్పితే తల పైకి లేస్తుంది. అక్షరాలు తలకిందులవుతాయి.

అతని చేత్తో అచ్చేసిన ఆఖరి అక్షరాలు!

అది చాలదన్నట్టు గులాబీ బుట్ట ఒకటుంది. షుయిమూ ముందుండి నడిపించే సైకిలు జట్టు, ఇనప గుర్రాల దండు, ప్రతి ఆదివారం తెల్లవారగానే సోయా పాల కొట్టు దగ్గర కలుసుకుని తీజెన్ కొండ ఎక్కుతుంది. అందరూ అరవై అటూ ఇటూ ఉన్నవాళ్లే. హ్యాండిల్ పైకెత్తినవాడు ఇంక రేసు మనిషి కాదు, కూరలకి పోయే అవ్వ కింద లెక్క అని షుయిమూ ఒక రూలు పెట్టాడు. అలాంటివాడు ఒక ఆదివారమంతా అవ్వల సైకిలుకుండే గులాబీరంగు ప్లాస్టిక్ బుట్ట హ్యాండిల్‌కి తగిలించుకుని కొండెక్కాలి. బుట్టకి ముందువైపు ఒక ప్లాస్టిక్ పొద్దుతిరుగుడు పువ్వు కూడా ఉంది, అది కూడా షుయిమూ కొన్నదే. నడుం నొప్పితో డ్రిల్లు మాస్టారు యాన్ మొదట బుట్ట కట్టుకున్నాడు. ఫ్యాన్ల కొట్టు జువాంగ్ పొట్ట మోకాళ్లకి తగులుతోందని రెండోవాడయ్యాడు. ఒక్కొక్కరే అందరూ అయిపోయారు. మిగిలింది షుయిమూ ఒక్కడే. ఆ బుట్ట సోయా పాల కొట్టు గోడకి మేకు మీద వేలాడుతూ అతనికోసం కాచుకుని ఉంది.

మంగళవారం ఫాంగ్‌మేయ్ పొరుగింటికి వెళ్లిన సందు చూసుకుని, షుయిమూ బాల్కనీలో ఆరేసిన బట్టల మధ్య సైకిలు నిలబెట్టి బోల్టులు విప్పే ఎలన్ కీ తీశాడు. వేల డ్రాగన్ తలల మీద పేరు అచ్చేసిన మనిషి ఇంతవరకూ ఒక్కదాన్నీ తన చేత్తో బిగించిన పాపాన పోలేదు. అయినా బోల్టులు విప్పి బిగించడం ఎంత విద్య అనుకున్నాడు. ముందు హ్యాండిల్‌ని కరిచి పట్టుకున్న నాలుగు బోల్టులూ విప్పాడు. హ్యాండిల్ బ్రేకు తీగల మీద వేలాడి మోకాలి చిప్పకి తగిలింది. గొట్టాన్ని పట్టుకున్న పక్క బోల్టులు, పై మూత బోల్టు కూడా విప్పి తల పైకి లాగాడు. కళ్లు సగం మూసుకుని బోర్లా తిప్పి దించాడు. హ్యాండిల్‌ని మళ్లీ దానికి కరిపించి, పక్క బోల్టులు బలంకొద్దీ బిగించాడు. చివర్న పై మూత పెట్టి దాన్నీ కళ్లు తిరిగేదాకా బిగించాడు.

తర్వాత ముందు బ్రేకు నొక్కి సైకిలు ఊపి చూస్తే మెడ దగ్గర టక్కుటక్కుమంటోంది. ఇంకాస్త బిగించాడు. ఇంకా టక్కుటక్కే.

"చక్రం వంట గదికేసి చూస్తోంది, హ్యాండిల్ స్నానాల గదికేసి చూస్తోంది" అంది వెనకనుంచి ఫాంగ్‌మేయ్. ఎప్పుడొచ్చిందో ఏమో, ఆరిన తువ్వాళ్లు మడతపెడుతోంది. "ఎక్కి కూర్చుంటే ఎటు పోతావు ముసలాయనా?"

"నువ్వు ఆ తువ్వాళ్ల సంగతి చూసుకో."

"చూసుకుంటాను. మేనల్లుడి సంగతి కూడా చూసుకుంటాను."

అతను సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. తొక్కే ధైర్యం లేక నడిపించుకుంటూ, తెలిసినవాళ్లు కనబడితే డ్రాగన్ తల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ, యీజెన్ కొట్టుకి చేరాడు. యీజెన్ వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో షుయిమూ పక్కబల్ల మనిషి. ఆ పిల్ల చిన్నప్పుడు ఎర్ర డబ్బాలోని తలకిందుల ముక్కలతో ఇళ్లు కట్టుకుని ఆడుకునేది. ఇప్పుడు సొంతంగా సైకిళ్లు సరిచేసే కొట్టు పెట్టుకుంది.

ఆమె సైకిల్ని చూసింది, అతన్ని చూసింది, పెదవి కొరికి నవ్వాపుకుంది.

"ఏంటి పెదనాన్నా, దీన్ని ఎవరు కొట్టారు?"

"నోర్ముయ్యి. నేనే బిగించాను."

"అయితే ముందు ఎక్కి కూర్చోండి. దీన్ని కాదు, మిమ్మల్ని చూడాలి."

సైకిల్ని స్టాండులో నిలబెట్టి అతన్ని ఎక్కించింది. కళ్లు మూసుకుని, చేతులు వాటంతటవి ఎక్కడికి పోతే అక్కడ చాచమంది. షుయిమూ చాచాడు. అంత హాయిగా చేతులు చాచి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు. కళ్లు తెరిచి చూస్తే చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. హ్యాండిల్ అతను బోర్లా తిప్పి బిగించాక కూడా వాటికి జానెడు ముందుంది.

"మీ చేతుల లెక్కన మీ హ్యాండిల్ గాల్లో ఉండాలట" అంది యీజెన్. "మొన్నటిదాకా ఇంకెంత కింద ఉండేదో! మెడ ఎలా ఉంటుంది తొక్కేటప్పుడు?"

"మెడకేం? ముందు చక్రం చూస్తూ తొక్కుతాను. దండుకి ముందుండేది నేను. నాకు అడ్డం ఎవరొస్తారు?"

ఆమె పనిలోకి దిగింది. పక్క బోల్టులు వదులు చేసింది. "ఇవి ముందు బిగిస్తే పై మూత ఎంత తిప్పినా ప్రయోజనం లేదు పెదనాన్నా. పై మూత పని తలని పట్టుకోవడం కాదు, సైకిలు మెడలో వదులు లేకుండా కిందికి నొక్కడం. ముందు అది. ఊపి చూసుకున్నాక చక్రానికి నేరుగా తిప్పుకోవాలి. పక్కవి ఆఖర్న." మాట్లాడుతూనే పై మూత కాస్త కాస్తగా తిప్పింది, బ్రేకు నొక్కి ఊపింది, టక్కుమనలేదు. చక్రాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, ఒక కన్ను మూసి, హ్యాండిల్‌ని నేరుగా తెచ్చింది. అప్పుడు పక్క బోల్టులు ఇటొకసారి అటొకసారి బిగించింది. పొడవు ఎక్కువైందని సీటు కూడా కాస్త ముందుకి జరిపింది.

ఇన్నాళ్లూ తన బల్ల మీద కూర్చున్న అదే ముక్క, దాన్ని బిగించే వరస తనకి తెలీదంటే షుయిమూకి నవ్వొచ్చింది. కానీ అక్షరాలు చూడగానే ఆ నవ్వు పోయింది. తలకిందులుగా, వరసగా, అతన్నే చూస్తున్నాయి.

"అమ్మాయ్, వీటి మీద నల్లరంగు కొట్టెయ్యవా?"

"ఎందుకు?"

"ఇది రిజెక్టు సరుకు. దీన్ని నేనైతే డబ్బాలో వేసేవాణ్ణి."

"ఎవరొచ్చి చదువుతారు పెదనాన్నా? మీకు ఎదురొచ్చే దోమలా?" అంది. కానీ అతని మొహంలో నిజంగానే బాధ కనబడింది. చిన్నప్పుడు ఆ ఎర్ర డబ్బా దగ్గర నిలబడి చూసిన పిల్లకి ఆ బాధేమిటో తెలుసు. రంగు డబ్బా వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసి, "రంగు కొడితే మీ చేతిపని చెరిగిపోతుంది. దాని మీద ఏదైనా కట్టుకోండి" అంది.

షుయిమూ జేబులు తడుముకున్నాడు. చేతికి ఎర్ర తాయెత్తు సంచి తగిలింది. హ్యాండిల్‌కి కట్టుకోమని ఫాంగ్‌మేయ్ ఎన్నిసార్లు చెప్పినా, గాలికి అడ్డం, బరువు అని ససేమిరా అన్నాడు. ఆమె ఊరుకోక అతని ప్యాంటు జేబులో దోపింది. దాన్ని డ్రాగన్ తల చుట్టూ రెండు మెలికలు తిప్పి ముడేశాడు. సంచి సరిగ్గా అక్షరాల మీద కూర్చుంది. అతని ప్రాణం కుదుటపడింది.

ఆదివారం తెల్లవారుజామున అందరికన్నా ముందే సోయా పాల కొట్టుకి చేరుకుని, సైకిలు గోడవారగా పెట్టి, హ్యాండిల్ మీద తువ్వాలు కప్పి, పక్కనే కూర్చుని వేడి వేడి సోయా పాలు తాగడం మొదలుపెట్టాడు. ముందొచ్చింది జువాంగ్. పొట్టముందు, మనిషి వెనక.

"అన్నా, సైకిలుకి జలుబు చేసిందా? దుప్పటి కప్పావు?"

"మంచు కురుస్తోంది కదా, తడుస్తుందని."

జువాంగ్ ఆకాశం కేసి చూశాడు. నక్షత్రాలు ఇంకా మెరుస్తున్నాయి. వెనకే వచ్చిన యాన్ మాస్టారు ఏమీ మాట్లాడకుండా పెళ్లికూతురి ముసుగు ఎత్తినట్టు తువ్వాలు రెండు వేళ్లతో ఎత్తాడు.

ఆ తర్వాత ఆ కొట్టులో పుట్టిన నవ్వు గురించి చెప్పడం అనవసరం. జువాంగ్ నవ్వి నవ్వి నేలమీద కూర్చుండిపోయాడు. వేయించిన పిండి కర్రలు తీస్తున్న కొట్టామె పటకారు వదిలేసి వచ్చి చూసింది. ఒకడు మేకు మీదున్న బుట్ట తీసి దుమ్ము ఊదాడు, ఇంకొకడు పొద్దుతిరుగుడు పువ్వు తడిగుడ్డతో తుడిచాడు. యాన్ మాస్టారు ఈల ఊది అందర్నీ అటెన్షన్‌లో నిలబెట్టి, సొంత చేతులతో బుట్ట కట్టాడు.

"అన్నా, ఈ రోజు చూడకుండా పోతానేమోనని భయపడ్డానంటే నమ్ము!" అన్నాడు జువాంగ్ కళ్లు తుడుచుకుంటూ.

"సరే సరే, నవ్వింది చాలు, ఎక్కండి" అన్నాడు షుయిమూ. చెవులు ఎర్రబడ్డాయి. అయినా లోపల ఎక్కడో తేలికగా ఉంది. భయపడ్డ పని అయిపోతే అలాగే ఉంటుంది.

దండు కదిలింది. బుట్ట గలగలలాడుతుంటే షుయిమూ ముందు సాగాడు. మొదటి మలుపు దాటేదాకా అతని ధ్యాసంతా చివరి రెండు వేళ్ల మీదే ఉంది. ఎప్పుడూ ఈపాటికి చీమలు పాకడం మొదలయ్యేది. పాకలేదు. ఇంకాస్త తొక్కాడు. చిటికెన వేలుతో బ్రేకు పిడి తట్టి చూశాడు. తట్టినట్టు వేలికి తెలిసింది! మధ్యాహ్నం చేప ఉండ గుర్తొచ్చి షుయిమూ చిన్నగా ఈల వేశాడు.

ఈల వేస్తూ తలెత్తాడు. అలవాటుగా ముందు చక్రం కనబడాల్సిన చోట వీధి కనబడింది. చేపల బండ్లు, చేమదుంపల బుట్టలు దింపుతున్న ట్రక్కు, స్కూటర్ల మీద స్కూలు లేని పిల్లలు, రెండో అంతస్తుల్లో ఆరేసిన దుప్పట్లు. ఈ వీధిలో రెండో అంతస్తులు ఉన్నట్టు అతనికి ఇవాళే తెలిసింది. ముందు మార్కెట్ దగ్గర రోడ్డు మీదుగా కాలినడక వంతెన. ఇన్నాళ్లూ దాని నీడ ఒక్కటే తన చక్రం కింద నల్లగా వెళ్లిపోయేది.

వంతెన మధ్యలో ఎవరో ఒకావిడ కటకటాలకి ఆనుకుని, చేతిలో ఉల్లికాడల కట్ట పెట్టుకుని జెండాలాగా ఊపుతోంది.

"పొద్దున్నే ఎవరికి ఊపుతోందిరా ఈవిడ?" అనుకున్నాడు షుయిమూ. వెనకనుంచి జువాంగ్ గొంతు, "వదినా! జై!" అని కేకేసింది. యాన్ మాస్టారు సైనికుడిలా చెయ్యి నుదుటికి పెట్టాడు. దండంతా చేతులూపింది.

అప్పుడు ఆ నీలం చొక్కా గుర్తుపట్టాడు. దాని మీద సూపు మరక ఇంకా పోలేదు.

షుయిమూ రెండు బ్రేకులూ ఒక్కసారి నొక్కాడు. వెనకున్నవాళ్లు తిట్లు తిడుతూ అటూ ఇటూ చెదిరి ఆగారు.

"ఏంటన్నా, చెప్పకుండా ఆపేశావు!"

"మీరెందుకు ఊపారు?"

"ఎందుకేంటి? ప్రతి ఆదివారం ఊపుతాంగా."

"ప్రతి ఆదివారమా?"

జువాంగ్ యాన్ మాస్టారి కేసి చూశాడు, యాన్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"మేం హ్యాండిల్ ఎత్తించుకున్న దగ్గర్నుంచి మాకు కనబడుతూనే ఉంది. వదిన ఇక్కడ నిలబడి చెయ్యూపుతుంది. నువ్వు తల దించుకుని పోతావు. ఇంట్లో ఏదో గొడవ, ఆదివారం పూట పలకరించుకోరేమో, మధ్యలో మనమెందుకులే అనుకున్నాం. పాపం, ఆమె చిన్నబుచ్చుకోకుండా మేమే ఊపేస్తున్నాం."

రిటైరైన మొదటి ఆదివారం నుంచి షుయిమూ ఈ దారినే పోతున్నాడు. ఎండలో, వానలో, చలిలో. అన్ని ఆదివారాలు ఆమె అక్కడ నిలబడింది, అన్ని ఆదివారాలు తను ఆమె కాళ్లకింద నుంచి రేసు గుర్రంలా వెళ్లిపోయాడు.

ఈలోపు ఫాంగ్‌మేయ్ సంచి ఊపుకుంటూ వంతెన మెట్లు దబదబా దిగి వచ్చేసింది.

"పడ్డావా? ఎక్కడ తగిలింది? వేళ్లేనా? నేను చెప్పానా!"

"పడలేదు. నువ్వు... ఎన్నాళ్లనుంచి ఇలా ఊపుతున్నావు?"

ఆమె ఉల్లికాడలు వెనక్కి దాచుకుంది, దొంగతనం దొరికిపోయినట్టు. అందరూ చూస్తున్నారని మొహం ఎర్రబడింది.

"మార్కెట్‌కి వస్తాను కదా. ఊరికే, వంతెన మీదకొస్తే మీరు పోతుంటారు. ఊపుతాను."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పించుకుని చూస్తే అదేం చూడటం?" అంది గట్టిగానే. అంతలోనే గొంతు తగ్గింది. "ఫ్రెండ్స్ ముందు సిగ్గుపడుతున్నావేమో అనుకున్నాను."

"సిగ్గేంటే! నాకు కనబడలేదు. ఒట్టు. చక్రం తప్ప నాకేం కనబడేది కాదు." అరవై దాటిన మనిషి, నడివీధిలో, గులాబీ బుట్ట ముందు నిలబడి, "నాకు తెలిస్తే చూసేవాణ్ణి కాదా ఫాంగ్‌మేయ్!" అన్నాడు. జువాంగ్ గబుక్కున పక్కకి తిరిగి తన సైకిలు గొలుసు పరిశీలించడం మొదలుపెట్టాడు.

ఫాంగ్‌మేయ్ చూపు డ్రాగన్ తల మీద పడింది. ఎర్ర తాయెత్తు సంచి రెండు మెలికలతో, గట్టి ముడితో, ఠీవిగా కూర్చుని ఉంది.

"కట్టుకున్నావా!" అంది. ఆమె కళ్లు తడయ్యాయి.

అక్షరాలు దాచడానికి కట్టానని షుయిమూ నాలిక చివరిదాకా వచ్చింది. జీవితంలో కొన్ని సంగతులు చెప్పకపోయినా కొంపలేం మునిగిపోవని అతనికి ఆ క్షణాన తోచింది.

"ఆఁ. నువ్వు తెచ్చావుగా" అన్నాడు.

ఆమె ముక్కు చీదుకుని బుట్ట కేసి చూసింది. పొద్దుతిరుగుడు పువ్వుని వేలితో మీటింది. ఇంకేం అడక్కుండా సంచిలోంచి ఓ క్యాబేజీ, మూరెడు ముల్లంగి, అల్లం తీసి బుట్టలో పేర్చింది.

"కొండెక్కాలే నేను!"

"ఎక్కు. చేతులు లాగేస్తున్నాయి నాకు. దిగొచ్చేటప్పుడు ఇంటికి తీసుకురా."

"వదినా, రూలు ప్రకారం బుట్ట ఒక్క ఆదివారమే" అన్నాడు యాన్ మాస్టారు.

"ఆ రూలు మీరు మీరు చూసుకోండి. బుట్ట మాత్రం నాది" అని ఆమె ఉల్లికాడలు మాత్రం చేతిలో ఉంచుకుని మెట్లకేసి నడిచింది.

షుయిమూ ఎక్కాడు. ముందుకి పోలేదు. సైకిలు వెనక్కి తిప్పాడు.

"ఎటన్నా? కొండ అటు!" జువాంగ్ అరిచాడు.

"సిగ్నల్ దాకా వెనక్కి పోయి మళ్లీ వద్దాం. అందరూ రండి."

ఎందుకని ఎవరూ అడగలేదు. దండంతా వెనక్కి తిరిగింది. సిగ్నల్ దగ్గర వరస కట్టారు, యాన్ మాస్టారు ఈల ఊదాడు, మళ్లీ మొదటిసారి వస్తున్నట్టు బయల్దేరారు. వంతెన మీద ఫాంగ్‌మేయ్ అప్పుడే పైకి చేరుకుని ఆయాసపడుతూ కటకటాలు పట్టుకుంది. షుయిమూ దూరంనుంచే చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆమె ఉల్లికాడలు ఎత్తింది.

అతను కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తి ఊపాడు. ముల్లంగి బరువుకి సైకిలు ఓ పక్కకి తూలింది, ఎడంచేత్తో సర్దుకున్నాడు, ఊపడం మాత్రం ఆపలేదు.

"ముసలాయనా!" పైనుంచి కేక వినబడింది. చేపల బండివాళ్లు కూడా తలలెత్తారు. "మేనల్లుడికి ఫోన్ చేస్తున్నా! రావద్దని!"

"మరి చేప ఉండ?" అరిచాడు షుయిమూ.

"అక్కర్లేదు! అయిదు వేళ్లూ కనబడ్డాయి!"